చింతపల్లి నీళ్ళలో మాక్రో: సైజు పెంచితే ఏం పోతుంది?

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ దగ్గర మాక్రో లెన్స్ ఉండటం వింతేం కాదు. తాళిబొట్టు, ఉంగరాలు, మెట్టెలు, గోరింటాకు పెట్టిన చేతులు, అన్నిటికీ అదే. మాది విజయనగరం. పుష్యమాసం వచ్చిందంటే ముహూర్తాలు ఉండవు, స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫొటోలు తప్ప పని ఉండదు. అప్పుడు ఆ 100 ఎంఎం మాక్రో లెన్స్‌ని కెమెరాతో సహా హౌసింగ్‌లో, అంటే నీళ్ళు చొరని పెట్టెలో బిగించి, మా జిల్లా తీరంలోని చింతపల్లి పట్టుకుపోతాను.

ఆషాఢం కూడా మాకు ఖాళీయే. కానీ అప్పుడు సముద్రం మనల్ని రానివ్వదు. నైరుతి గాలికి అలలు లేస్తాయి. వానలు ముదిరితే కోనాడ దగ్గర చంపావతి బురదనీళ్ళు వచ్చి కలుస్తాయి. పుష్య, మాఘ మాసాలకి నీళ్ళు కాస్త తేరుకుంటాయి. కాస్త అంటే కాస్తే. అండమాన్‌లోలా నీలంగా దూరందాకా కనిపిస్తుందని ఆశపడి వస్తే నిరాశ తప్పదు. మన జిల్లాకి ఉన్న తీరమే 28 కిలోమీటర్లు, అందులో రాళ్ళున్న చోట్లు ఇంకా తక్కువ. ఆ రాళ్ళ మీద మాత్రం చిన్న ప్రాణులకి కొదవ లేదు. లెన్స్‌కీ ప్రాణికీ మధ్య జానెడు నీళ్ళే ఉంటాయి కాబట్టి మసక నీళ్ళలో కూడా మాక్రో నడుస్తుంది. వైడ్ యాంగిల్ ఇక్కడ డబ్బు దండగ అని నా అభిప్రాయం.

ఇక అసలు తలనొప్పి సైజు. న్యూడిబ్రాంక్ అని చిప్ప లేని నత్తలాంటి ప్రాణి ఉంటుంది. రంగులు చూస్తే పట్టుచీర అంచులే. కానీ నాకు ఇక్కడ దొరికేవాటిలో చాలావరకు బియ్యపు గింజంత. మాక్రో లెన్స్ 1:1 ఇస్తుంది అంటే, ప్రాణి ఎంత ఉందో సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడుతుందని అర్థం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. 7 మిల్లీమీటర్ల నత్త అందులో ఐదో వంతు. మిగతా నాలుగు వంతులూ రాయీ నాచూ. 2:1 చేస్తే ఐదింట రెండు వంతులు వస్తుంది. కొమ్ములు, వీపు మీది మొప్పలు విడిగా కనబడటం అక్కడ మొదలవుతుంది.

నీళ్ళలో అన్నీ పెద్దగా కనిపిస్తాయి కదా, ఆ లెక్కన 1:1 దానంతటదే పెరగదా అని డైవింగ్ చేసేవాళ్ళు కూడా అడుగుతారు. పెరగదు. హౌసింగ్‌కి ముందుండే చదును గాజు కిటికీని ఫ్లాట్ పోర్ట్ అంటారు. దాని వెనక నుంచి చూస్తే వస్తువు ఉన్నదానికంటే దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే. గరిష్ఠ సైజు 1:1 దగ్గరే ఆగుతుంది. కలిసొచ్చేది దూరం. నీళ్ళలో వస్తువు నిజంగా ఉండే దూరం, లెన్స్‌కి కనిపించే దూరం కంటే మూడో వంతు ఎక్కువ. అంటే ప్రాణికి అంత దగ్గరగా పోనక్కర్లేదు. ఈ దూరం సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1:1 దాటడానికి దారులు చాలానే ఉన్నాయి. ఏదీ ఊరికే రాదు. ఒకటి వెలుతురు తింటే ఇంకొకటి దూరం తింటుంది.

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అన్నిటికంటే చవక. లోపల గాజు ఉండదు, లెన్స్‌ని సెన్సర్ నుంచి కాస్త ఎడంగా జరిపే ఖాళీ గొట్టం. 100 ఎంఎం లెన్స్‌కి 25 మిల్లీమీటర్ల ట్యూబ్ పెడితే పెరిగేది సుమారు పావు వంతు. అంటే 1:1 కాస్తా 1.25:1. దాని కోసం పోర్ట్‌కి కూడా అంత పొడవు రింగు కొనాలి. గొట్టం చవక, రింగు కాదు. నాకది గిట్టలేదు.

2ఎక్స్ టెలీకన్వర్టర్ పద్ధతి వేరు. ఇది కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే గాజులున్న గొట్టం. సైజు రెట్టింపు, పనిచేసే దూరం మాత్రం పాతదే. బెదిరిపోయే రొయ్యలకీ, బొరియలోంచి తల మాత్రమే బయటపెట్టే చేపలకీ ఇది వరం. బదులుగా రెండు స్టాపుల వెలుతురు పోతుంది, అంటే పావు వంతే మిగులుతుంది, ఆటోఫోకస్ తడుముకుంటుంది. పైగా అన్ని మాక్రో లెన్సులకీ అది ఎక్కదు. ఇంకో చిక్కు, అది హౌసింగ్ లోపల ఉంటుంది. పడవ మీదే నిర్ణయించుకోవాలి. కిందికి దిగాక అరచేతంత పీత ఎదురైతే, మసక నీళ్ళలో వెనక్కి జరిగి తీయలేం కాబట్టి దాని గోళ్ళు మాత్రమే తీసుకుని రావాలి.

అందుకే నా ఓటు వెట్ లెన్స్‌కి. పోర్ట్ బయట, నీళ్ళలోనే బిగించి తీసేసుకునే క్లోజప్ లెన్స్ ఇది. చాలావాటికి 67 ఎంఎం మర ఉంటుంది. పెళ్ళిళ్ళకి వాడే మామూలు క్లోజప్ ఫిల్టర్‌నే పోర్ట్‌కి తగిలిస్తే సరిపోదా అంటే సరిపోదు. గాజు కాంతిని బాగా వంచేది పక్కన గాలి ఉన్నప్పుడు. గాలి వక్రీభవన గుణకం 1, నీటిది 1.33, మామూలు గాజుది సుమారు 1.5. నీళ్ళలో ఆ తేడా తగ్గిపోయి, సాదా కటకం ఫోకల్ లెంగ్త్ (నాభ్యంతరం) మూడు నాలుగు రెట్లు సాగిపోతుంది. పదో తరగతిలో చదివిన పాఠమే. అందుకే అసలైన వెట్ లెన్సుల్లో గాజుల మధ్య గాలిని బంధించి సీల్ చేస్తారు. ధర అక్కడే పెరుగుతుంది.

వాటి బలం డయాప్టర్లలో చెబుతారు. 1000ని ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగిస్తే వచ్చేదే డయాప్టర్. ఐనాన్ కంపెనీ యూసీఎల్-165 పేరులో 165 ఉంది, అంటే దాదాపు +6. యూసీఎల్-100 అయితే +10. సంఖ్య పెరిగేకొద్దీ సైజు పెరుగుతుంది, దూరం కుంచించుకుపోతుంది. +10 బిగించాక 10 సెంటీమీటర్లు దాటిన ఏ వస్తువూ ఫోకస్‌లోకి రాదు. ఎదురుగా తిమింగలం వచ్చినా మసకే.

10 సెంటీమీటర్లంటే చేతి వేలికంటే కాస్త ఎక్కువ. ఆ సందులోకి లైటు రావాలి. స్ట్రోబ్ (నీళ్ళలో వాడే ఫ్లాష్) చేతులు మడిచి పోర్ట్ అంచుకి ఆనించినట్టు పెడితే తప్ప వెలుతురు లోపలికి దూరదు. తేటనీళ్ళ వాళ్ళకి ఇది ఇబ్బంది. మనకి మాత్రం లాభం కూడా ఉంది. మధ్యలో నీళ్ళు తక్కువ కాబట్టి తేలే ఇసుక రేణువులు తెల్లచుక్కల్లా పడటం తగ్గుతుంది. మసక నీళ్ళకి టెలీకన్వర్టర్ కంటే వెట్ లెన్స్ మేలని నేననేది ఇందుకే. తేటనీళ్ళలో తీసేవాళ్ళు రాసిన సలహాలు మన దగ్గర తిరగబడేది కూడా ఇక్కడే.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. పోర్ట్‌కీ లెన్స్‌కీ మధ్య గాలి బుడగ చిక్కుకుంటుంది. నీళ్ళలోకి దిగాక ఒకసారి విప్పి, కడిగినట్టు ఆడించి మళ్ళీ బిగించాలి. తలుపులా పక్కకి తిరిగే అడాప్టర్ ఉంటే ఈ బాధ ఉండదు. ముందు లెన్స్ పక్కకి తోసి ప్రాణిని వెతకడం, దొరికాక మూయడం.

ఏది కొన్నా నీళ్ళలో పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. మా పెరట్లో సిమెంట్ తొట్టి ఉంది. అందులో స్కూలు పిల్లల ప్లాస్టిక్ స్కేలు పెట్టి, ఎంత దగ్గరగా ఫోకస్ అవుతుందో అంత దగ్గర నుంచి ఫొటో తీస్తాను. ఫ్రేమ్ వెడల్పులో ఎన్ని మిల్లీమీటర్ల గీతలు పడ్డాయో లెక్కపెట్టి 36ని దానితో భాగిస్తే చాలు. 18 పడితే 2:1. ప్రకటనలు ఏం చెప్పినా స్కేలు అబద్ధం ఆడదు. తొట్టిలో కెమెరా ముంచుతుంటే మా అమ్మ మాత్రం "ఆ నీళ్ళు గిన్నెలకిరా" అని కేకేస్తుంది.

2:1కి వెళ్ళాక అసలు టెన్షన్ ఫోకస్ లోతుది. ఎపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు దూరే కంత, ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. 1:1 దగ్గర ఎఫ్/16లో సుమారు 2 మిల్లీమీటర్ల మందం స్పష్టంగా వస్తుంది. 2:1 దగ్గర ఎఫ్/11లో అది అర మిల్లీమీటరు. ఎపర్చర్ ఇంకా మూసేస్తే పోలా అనిపిస్తుంది. కానీ సైజు పెరిగేకొద్దీ నిజమైన ఎపర్చర్ దానంతటదే చిన్నదవుతుంది. సైజుకి (2:1 అయితే 2కి) ఒకటి కలిపి, దానితో పెట్టిన ఎఫ్ నంబర్‌ని గుణించాలి. 2:1 దగ్గర ఎఫ్/16 పెడితే పనిచేసేది ఎఫ్/48లా. సన్నటి కంతలో కాంతి చెదరడం, అంటే డిఫ్రాక్షన్ వల్ల బొమ్మంతా మెత్తబడిపోతుంది. అందుకే నేను ఎఫ్/11 దాటను. కొమ్ములు పదునుగా ఉంటే చాలు, తోక మసకబారినా నాకు ఫర్వాలేదు.

ఆ అర మిల్లీమీటరు మీద నిలబడటం మన సముద్రంలో ఎలా అంటే, నిలబడలేం. నీళ్ళు ఊగుతుంటాయి, మనమూ ఊగుతాం. ఫోకస్‌ని దగ్గరి కొసన కట్టేసి, ఒంటినే ముందుకీ వెనక్కీ జరపాలి. ఊపు ఒక చివరకి వెళ్ళి తిరిగే ముందు క్షణంపాటు నీరు ఆగుతుంది. బటన్ అప్పుడే నొక్కాలి. మొదట్లో లెక్క కుదరదు, కొన్నాళ్ళకి ఒంటికి తెలిసిపోతుంది. స్నూట్ పెట్టి సన్నటి వెలుగు వేద్దామంటే ఈ ఊపులో అది ప్రాణి మీద తప్ప అన్నిటి మీదా పడుతుంది. పట్టు కోసం రాయి మీద చెయ్యి మోపడం మాత్రం వద్దు. హైడ్రాయిడ్లు ప్రాణులే అయినా నాచులాగే అమాయకంగా ఉంటాయి, తగిలితే చేతికి దద్దుర్లు. వాటి కొమ్మలకే పుల్లల్లాంటి స్కెలిటన్ ష్రింప్‌లు వేలాడుతుంటాయి, వాటికి 2:1 కూడా చాలదు.

పడవ మావకి నా పని ఎప్పటికీ అర్థం కాదు. పైకొచ్చాక స్క్రీన్ చూపించాను.

"ఇదేటి బావూ, పులిలాగుంది. ఎంతుంటాది?"

గోరు చివర చూపించాను.

"దీనికా ఇంత పెట్టె! కూరకైనా రాదు కదా" అన్నాడు. మళ్ళీ తనే స్క్రీన్ లాక్కుని, వాళ్ళ అబ్బాయికి చూపించాడు.

కొనే వరుస చెప్పమంటే, ముందు ఏమీ కొనొద్దు. ఇప్పటి కెమెరాల్లో పిక్సెళ్ళు దండిగా ఉన్నాయి. ఫొటో ఫోన్‌లో చూసేందుకే అయితే 1:1లో పదునుగా తీసి సగానికి కత్తిరించుకోండి, క్రాప్ చెయ్యడం నేరం కాదు. అది చాలని రోజున +6 వెట్ లెన్స్, చెయ్యి కుదిరాక +10.

హౌసింగ్ స్థోమత లేనివాళ్ళకి ఒలింపస్ టీజీ-6 లాంటి చిన్న కెమెరా ఉంది. హౌసింగ్ లేకుండానే 15 మీటర్ల లోతు తట్టుకుంటుంది, మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్స్ నుంచి 1 సెంటీమీటర్ దగ్గరికి ఫోకస్ అవుతుంది. అంత దగ్గరగా పోతే కెమెరా నీడే ప్రాణి మీద పడుతుంది కాబట్టి, దాని ఎల్ఈడీ వెలుగుని లెన్స్ చుట్టూ పంచే రింగు కూడా తీసుకోండి. చింతపల్లి ఒడ్డున ఆటు వేళ రాళ్ళ మధ్య నిలిచే గుంటల్లో మోకాళ్ళ మీద కూర్చుని తీయడానికి అది చాలు, డైవింగ్ కూడా రానక్కర్లేదు. చెప్పులు మాత్రం వదలొద్దు, ఆ రాళ్ళ నిండా ఆల్చిప్పలు.