'పేపర్స్, ప్లీజ్' వ్యాసాన్ని దిద్దిన అనుభవం

ఎవరైనా రాయడానికీ దిద్దడానికీ వీలున్న ఒక విజ్ఞాన సర్వస్వంలో సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే 'పేపర్స్, ప్లీజ్' అనే వీడియో గేమ్ మీద తెలుగు వ్యాసం ఉందని తెలిసి, ఆ ఆటను రెండుసార్లు ఆడినవాణ్ణి గనుక, ఉత్సాహంగా తెరిచాను. ఉన్నవి నాలుగే పేరాలు. అది యంత్రానువాదమని గ్రహించడానికి మొదటి పేరా దాటనక్కరలేకపోయింది. స్టీమ్ గ్రీన్‌లైట్‌లో (స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అమ్మే ఆటలను ఆటగాళ్ల ఓట్లతో ఎంపిక చేసిన పద్ధతి అది) ఆట ఎంపికైన సంగతి 'ఆవిరి పచ్చదీపం పొందింది' అని ఉంది. విమర్శకులు ఏమన్నారో చెప్పే విభాగానికి 'క్లిష్టమైన ఆదరణ' అని పేరు పెట్టారు. ముందు నవ్వొచ్చింది గానీ, ఇంగ్లీషు రాని పాఠకుడికి ఇందులో దక్కేది ఏమిటని ఆలోచిస్తే ఆ నవ్వు నిలవలేదు.

భాష జోలికి పోకుండా ముందు మూలాల సంగతి చూశాను. లూకస్ పోప్ ఒక్కడే, జపాన్‌లో ఉంటూ, సుమారు తొమ్మిది నెలల్లో ఈ ఆటను తయారుచేశాడనీ, 2013 ఆగస్టు 8న అది విండోస్, మాక్ కంప్యూటర్లకు విడుదలైందనీ చెప్పడానికి అతని ఇంటర్వ్యూలు, పత్రికల కథనాలు సరిపోయాయి. అమ్మకాల దగ్గర చిక్కొచ్చింది. ఒక పేరాలో 5 లక్షల ప్రతులనీ, మరో పేరాలో 18 లక్షలనీ ఉంది. రెండూ నిజమే: మొదటిది 2014 మార్చి నాటి లెక్క, రెండోది 2016 ఆగస్టు నాటిది. తేదీలు రాలిపోవడంతో నిజాలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు కనిపించాయి. 2023 నాటికి 50 లక్షలు దాటిన సంగతి కూడా చేర్చి, మూడింటికీ తేదీలు పెట్టాను. ఐప్యాడ్ రూపంలో నగ్న చిత్రాలు (ఆటలో ప్రయాణికులను స్కాన్ చేసినప్పుడు కనిపించేవి) నిషిద్ధమన్న వాక్యమూ పాతబడిందే. 2014 డిసెంబరులో మొదట తీసేయవలసి వచ్చినా, కొద్ది రోజులకే ఆపిల్ సంస్థ వాటిని మళ్లీ అనుమతించింది.

తిరగరాసిన వ్యాసాన్ని సమీక్షకు పెడితే, అనుభవమున్న ఒక సభ్యురాలు చర్చా పేజీలో పదకొండు ప్రశ్నలు వేశారు. ఆటగాడి మనస్సాక్షిని ఈ ఆట పరీక్షిస్తుందని నేను ఎంతో ఇష్టంగా రాసుకున్న వాక్యం కింద ఆవిడ ప్రశ్న ఒక్కటే: 'ఇలా అన్నది ఎవరండీ?' అన్నది నేనే. తీసేయక తప్పలేదు. 2014లో వచ్చిన బాఫ్టా (బ్రిటన్‌లో సినిమాలకు, టీవీకి, ఆటలకు ఇచ్చే) పురస్కారం ఏ విభాగంలోనో చెప్పమన్నారు. వ్యూహం, అనుకరణ ఆటల విభాగంలోనని రాశాను. మిగతా వాటిలో చాలావరకు విరామచిహ్నాల గొడవే.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నడిచిన చర్చ ఒక బంధుత్వం గురించి. కథ 1982లో, ఆర్స్టోట్జ్‌కా అనే కల్పిత దేశపు సరిహద్దులో జరుగుతుంది. ఆటగాడు చెక్‌పోస్టులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే ఉద్యోగి. ఎందరి కాగితాలు సరిగా చూస్తే అంత కూలి. సాయంత్రానికి వచ్చిన డబ్బును అద్దెకూ, తిండికీ, ఇల్లు వెచ్చగా ఉంచడానికీ, మందులకూ పంచుకోవాలి. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, ఒక 'అంకుల్' ఉంటారు. పాత వ్యాసంలో ఆయన్ని 'మామ' అన్నారు. అత్తగారి పక్కన మామ అనగానే మన పాఠకుడు ఆవిడ భర్తే అనుకుంటాడు గదా! నేను 'బాబాయి' అని మార్చాను. తండ్రి తమ్ముడని ఆటలో ఎక్కడుందని సమీక్షించిన సభ్యురాలు అడిగారు. ఎక్కడా లేదు. పెదనాన్నో, మేనమామో కూడా కావచ్చు. ఇంగ్లీషు ఒక్క మాటతో దాటేసిన చోట తెలుగు వరస తేల్చమంటుంది. మూలంలో లేని వరసను నేను తేల్చితే అది సొంత కల్పనే అవుతుంది. 'అంకుల్' అనే ఉంచుదామంటే, మన వీధుల్లో ఆ పిలుపుకు బంధుత్వంతో పనే లేదు. వారం రోజుల తర్వాత 'వయసులో పెద్దయిన మరో బంధువు' దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. వాక్యం కాస్త బరువెక్కింది గానీ అందులో అబద్ధం లేదు.

సమీక్ష ముగిసిన నెలలోపే ఎవరో ఆ మాట తీసేసి 'మామయ్య' అని పెట్టారు. నేను వెంటనే వెనక్కి మార్చలేదు. దీనికి ఆధారమేమిటో చెప్పగలరా అని చర్చా పేజీలో అడిగి, జవాబు కోసం చూస్తున్నాను.