మాఫీనా, వాయిదానా?

అమెరికాలో డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మనవాళ్ల ట్యాక్స్ రిటర్నులు ఫైల్ చేయడం నా పని. పన్ను ఊరట అని వార్త వచ్చిన సాయంత్రమే ఫోన్లు మొదలవుతాయి, "మనకెంత వస్తుందన్నా?" అని. అంతకంటే ముందు అడగాల్సినవి ఉన్నాయి. ఇది మాఫీనా, వాయిదానా? ఎప్పటిదాకా? రిటర్ను వేయడానికి మన దగ్గరున్న నంబరుకి వర్తిస్తుందా?

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఏప్రిల్ 15 గడువుని జులై 15కి జరిపారు. సొంత పని చేసుకునేవాళ్లకి ఇంకో వెసులుబాటు ఇచ్చారు, మార్చి 27 నుంచి ఏడాది చివరిదాకా వచ్చిన ఆదాయం మీద కట్టాల్సిన 12.4 శాతం సోషల్ సెక్యూరిటీ (పెన్షన్ నిధి) పన్నులో సగాన్ని తర్వాత కట్టుకోవచ్చని. థ్రెడింగ్ సెలూన్ నడిపే ఒకావిడ ఆ సగం మాఫీ అయినట్టే అనుకున్నారు, డబ్బులు షాపు అద్దెకి పోయాయి. మాఫీ కాలేదమ్మా, అందులో సగం 2021 చివరికి, మిగతాది 2022 చివరికి కట్టాలి అని చెప్తే మొహం వాడిపోయింది. ఆవిడని ఏమనగలం, కస్టమర్లు లేకపోయినా అద్దె ఆగదు కదా.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది నంబర్ల సంగతి. అదే ఏడాది కోవిడ్ సాయంగా మనిషికి 1,200 డాలర్లు ఇచ్చినప్పుడు, భార్యాభర్తలు కలిపి ఫైల్ చేసి ఒకరికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేక ఐటిన్ (ఆ నంబరు రానివాళ్లకి పన్ను ఫైలింగ్ కోసం ఇచ్చే నంబరు) మాత్రమే ఉంటే ఇద్దరికీ ఇవ్వలేదు. నెలనెలా జీతంలోంచి పన్ను కట్టే హెచ్1బీ ఇళ్లు ఎన్నో అలా బయటే ఉండిపోయాయి. డిసెంబరులో చట్టం సవరించాక కూడా నంబరున్నవాళ్ల వాటా ఒక్కటే దక్కింది.

2021లో చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్, అంటే పిల్లలున్నవాళ్లకి పన్నులో ఇచ్చే ఊరట పెంచారు, ఆరేళ్లలోపు పిల్లలకి 3,600 డాలర్లు, అందులో సగం జులై నుంచి డిసెంబరు దాకా నెలకి 300 చొప్పున ముందే ఇచ్చారు. ఒక ఇంట్లో పెద్దపాప గుంటూరులో పుట్టి హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చింది, చిన్నోడు ఇక్కడే పుట్టాడు. వాడికి 3,600, సోషల్ సెక్యూరిటీ నంబరు లేని పాపకి 500. వాళ్లమ్మ స్క్రీన్ వైపు చూసి "ఇద్దరికీ ఖర్చు ఒకటే కదండీ" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పెంపు ఆ ఒక్క ఏడాదికే, 2022లో మళ్లీ 2,000కి వచ్చేసింది.

ఇప్పుడు టిప్పుల మీద పన్ను లేదంటున్నారు. 2025 నుంచి 2028 దాకానే అది. టిప్పులు మామూలుగా వచ్చే వృత్తులవాళ్లు ఏడాదికి 25,000 డాలర్ల వరకు ఫెడరల్ ఆదాయ పన్ను లెక్కలోంచి తీసేసుకోవచ్చు, ఆదాయం మరీ ఎక్కువైతే ఇది తగ్గిపోతుంది. పనికి అనుమతించే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. సొంత షాపువాళ్లకీ ఉంది, కానీ ఆ షాపు లాభాన్ని మించి తీసుకోలేరు, సొంత పని చేసుకునేవాళ్లు కట్టే 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ మాత్రం టిప్పుల మీదా కట్టాల్సిందే. అందుకే టిప్పులు ఏ రోజుకారోజు విడిగా రాసుకోండి, ఆ 15.3 శాతం డబ్బుని వేరే అకౌంట్లో వేసి ముట్టుకోకండి.