అటక మీద స్టడ్స్

ఆదివారం. రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున్నే కొబ్బరి దింపు వాళ్లు వచ్చారు. ఈసారి కాపు తక్కువ. నాన్న చెట్టు కింద కుర్చీ వేసుకుని లెక్క చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. అంతలో మేనల్లుడు దిగాడు. గన్నవరం అవతలి లంక వాళ్లది. పడవ దాటి, ఆటో ఎక్కి, స్టడ్స్, అదే ఫుట్‌బాల్ బూట్లు, భుజాన వేలాడేసుకుని వచ్చాడు. పదిహేనేళ్లు, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడేవాడు. ఊరంతా క్రికెట్ పిచ్చి, లేదంటే వాలీబాల్. వీడికి ఈ ఫుట్‌బాల్ ఎక్కడ అంటుకుందో!

అరుగు ఎక్కుతుంటే కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు. అడిగితే, "ఏం లేదు మావయ్యా, తొడ పట్టేసిందంతే" అన్నాడు. బుధవారం మ్యాచ్ ఉందిట. ఇక ఎలా చెబుతాడు?

పొట్టిక్కలు తింటూ పెద్రి అనే స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడి కథ ఎత్తుకున్నాడు. నాకు బాగా నచ్చింది, అందుకే రాసి పెట్టుకుంటున్నాను. ఆ అబ్బాయిదీ ఓ రకంగా లంకే. స్పెయిన్ వాళ్ల కానరీ దీవుల్లో టెనెరిఫే. చిన్నప్పుడు రియల్ మాడ్రిడ్ ట్రయల్స్‌కు వెళితే తీసుకోలేదు. పక్క దీవి క్లబ్బు లాస్ పాల్మాస్ తీసుకుంది. 2019 ఆగస్టులో, పదహారేళ్లకే, రెండో డివిజన్‌లో ఆడాడు. ఆ మర్నెల్లోనే బార్సిలోనా క్లబ్బు 50 లక్షల యూరోలకు బేరం కుదుర్చుకుంది. మరుసటి ఏడాది వెళ్లి చేరాడు.

"అంటే లంకోడు పక్క లంకకెళ్లి, అట్నించి పట్నం ఎక్కాడన్నమాట" అన్నాను. వాడికి ఆ మాట తెగ నచ్చేసింది.

తర్వాత పెరట్లో రాలిన పిందెలన్నీ ఏరి, ఆటగాళ్లలా పేర్చి, మిడ్‌ఫీల్డ్ అంటే ఏంటో చూపించాడు. బంతి కాలి దగ్గరికి రాకముందే వెనక ఎవరున్నారో చూసుకోవాలట. "పెద్రి మెడ చూడు మావయ్యా, ఓ చోట నిలవదు." నేనిన్నాళ్లూ ఫుట్‌బాల్ అంటే బంతినే చూశాను. ఫోన్‌లో ఓ వీడియో పెట్టి, బంతిని వదిలేసి వాడినొక్కణ్నే చూడమన్నాడు. నిజమే, మన సంతలో జేబు కాచుకునే మనిషిలా అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు.

"మరి ఆ తర్వాత?" అన్నాను.

వాడి గొంతు కాస్త తగ్గింది. 2020-21 సీజన్‌లో ఒలింపిక్స్‌తో కలిపి పెద్రి చేత 73 మ్యాచ్‌లు ఆడించారు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. యూరో కప్ సెమీఫైనల్లో స్పెయిన్ ఓడింది 2021 జూలై 6న. టోక్యో ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్ జూలై 22న. అందులోనూ ఉన్నాడు. రజత పతకం వచ్చింది, ఏడాది చివర్లో కుర్రాళ్లకిచ్చే కోపా ట్రోఫీ కూడా వచ్చింది. కానీ సెప్టెంబర్‌లోనే తొడ కండరం దెబ్బతింది. కోలుకోవడం, మళ్లీ తొడ పట్టుకుని కూర్చోవడం, ఆ తర్వాతి సీజన్లలోనూ ఇదే వరస.

నాన్న లెక్క ఆపి ఇటు తిరిగాడు. "దింపుకీ దింపుకీ మధ్య చెట్టుకే నెలన్నర గడువిస్తాం గదరా. వాళ్లకేం పుట్టింది?"

వాడు మాట్లాడలేదు. అరచేత్తో తొడ వెనక రుద్దుకున్నాడు.

మధ్యాహ్నం వాళ్ల పీఈటీ మాస్టారికి ఫోన్ చేశాను. మనిషి మంచాడే. "ఒక్క సగమైనా ఆడించండి సార్, వాడు లేకపోతే మధ్యలో బంతి నిలిపేవాళ్లే లేరు" అన్నారు. ఆయన ఇబ్బంది ఆయనది. డాక్టరుకి చూపించాకే చెబుతానన్నాను. ఆయన ఊఁ అన్నారు గానీ, ఆ ఊఁ నాకు నచ్చలేదు. వాడికి చెబితే అలిగాడు. నాటుకోడి కూర కూడా కెలికి వదిలేశాడు.

సాయంత్రం చీకటి పడకముందే రేవు దాకా బండి మీద దింపి వచ్చాను. పడవలో కూర్చుని కూడా ఇటు చూడలేదు.

ఇప్పుడే మెసేజ్ పెట్టాడు: "మావయ్యా, నా స్టడ్స్ అక్కడ మర్చిపోయానా?"

అటక మీద, పాత ఇత్తడి బిందె వెనకాల ఉన్నాయి. పొద్దున చూసి చెబుతానని పెట్టాను.