ఎర్రదీపాల ముందు ఆగడం

గల్ఫ్‌లోని ఒక పెద్ద విమానాశ్రయంలో నా పని టగ్‌తో, అంటే విమానాలను లాగే బండితో, వాటిని కదిలించడం. ప్రయాణికులు దిగిపోయిన విమానాన్ని హ్యాంగర్‌కు చేర్చాలి, మరమ్మతు పూర్తయినదాన్ని తిరిగి స్టాండుకు, అంటే విమానం నిలిచే చోటుకు తేవాలి, బయలుదేరేదాన్ని వెనక్కు నెట్టి రన్‌వేకు వెళ్లే దారి అయిన టాక్సీవే మీద నిలపాలి. ఇదంతా నేల మీద పని కనుక ఇందులో ప్రమాదం లేదని కోనసీమలో మావాళ్ల నమ్మకం. ఈసారి సెలవుకు రాజోలు వచ్చినప్పుడు, విమానాలు నిలిచే ర్యాంపు మీద పనికి వీసా వచ్చిన పక్కింటి కుర్రవాడు కూడా అదే అడిగాడు: "గాల్లోకి లేవకముందు విమానానికి ఏమవుతుంది బాబాయ్? బస్సులా రోడ్డు మీద నడవడమే కదా!" అతనికి చెప్పినదాన్నే ఇక్కడ మరికొంత వివరంగా రాస్తున్నాను. మన ఊళ్ల నుంచి ఈ పనికి వచ్చే పిల్లలకు ఏజెంటు జీతం గురించి, ఓవర్‌టైము గురించి చెబుతాడు గానీ దీని గురించి చెప్పడు.

విమానయాన చరిత్రలో అత్యధిక ప్రాణనష్టం కలిగించిన ప్రమాదం రన్‌వే మీదనే జరిగింది. 1977 మార్చి 27న స్పెయిన్ ఏలుబడిలోని తెనెరిఫే దీవిలో, పొగమంచులో, ఒక జంబో జెట్ ఇంకా రన్‌వే మీద నడుస్తుండగానే మరో జంబో జెట్ అనుమతి లేకుండా పరుగు మొదలుపెట్టింది. "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అని మొదటి విమానం చెప్పిన మాట, అదే క్షణంలో విమానాలకు ఆదేశాలిచ్చే కంట్రోల్ టవర్ పలికిన మాటతో రేడియోలో కలగలిసి చెదిరిపోయింది. 583 మంది చనిపోయారు. 2001 అక్టోబరు 8న మిలాన్ నగరపు లినాటే విమానాశ్రయంలో, మళ్లీ పొగమంచులోనే, ఒక చిన్న జెట్ తాను పట్టవలసిన టాక్సీవేకు బదులు మరోదాన్ని పట్టి, పరుగు తీస్తున్న విమానానికి అడ్డంగా వచ్చింది. దాని పైలట్ దారిలో కనిపించిన ఒక గుర్తును చదివి చెప్పినా, ఆ గుర్తు కంట్రోలర్ల మ్యాపులో లేదు. నేల మీది కదలికలను చూపే రాడారు ఆనాటికి పనిచేయడం లేదు. అక్కడ 118 మంది ప్రాణాలు పోయాయి.

ఈ రెండూ పాతవని అనుకోనక్కరలేదు. 2024 జనవరి 2న టోక్యోలోని హనేదాలో కోస్ట్ గార్డు విమానం అనుమతి లేకుండా రన్‌వే మీదికి వెళ్లి సుమారు 40 సెకన్లు నిలిచి ఉండగా, దిగుతున్న పెద్ద విమానం దాన్ని ఢీకొంది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు. చిన్నదాంట్లో ఉన్న ఆరుగురిలో ఐదుగురు మరణించారు. కోస్ట్ గార్డు విమానానికి టవర్ ఇచ్చిన ఆదేశం హోల్డింగ్ పాయింటు వరకు, అంటే రన్‌వేకు ముందు ఆగవలసిన చోటు వరకు, వెళ్లమని మాత్రమే. పైలట్ల వైపు నుంచి ఆ ఆదేశం సరిగానే తిరిగి వినిపించింది కూడా. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. మాట సరిగా అప్పజెప్పినవారు కూడా మరోలా అర్థం చేసుకోగలరు.

అందుకే మా పనిలో రేడియోను ఒక్కరు వింటే చాలదు. లాగే విమానం కాక్‌పిట్‌లో బ్రేకు కోసం ఒకరు కూర్చుంటారు, టగ్‌లో నేను ఉంటాను, ఇద్దరమూ వింటాం. శీతకాలంలో ఒక తెల్లవారుజామున, మంచులో ముందున్న స్టాండు కూడా కనబడనప్పుడు, మాకు ఇచ్చిన ఆదేశాన్ని మా నంబరుకు దగ్గరి నంబరున్న మరో టగ్ తనదనుకుని బదులిచ్చింది. నేల మీది కదలికలను చూసే గ్రౌండ్ కంట్రోల్ వెంటనే పట్టుకుని ఇద్దరినీ ఉన్నచోటే నిలిపింది. కొద్దిసేపటికి మంచులోంచి ఒక పెద్ద విమానం ముక్కు, ఆ వెంట రెక్క చివరి దీపం మా ముందు నుంచి సాగిపోయాయి. ఆ టగ్ తన నంబరు చెప్పకుండా "సరే" అని మాత్రమే అని ఉంటే కంట్రోలర్‌కు తేడా తెలిసేదే కాదు.

మన కాలువగట్టు మీద ధాన్యం ట్రాక్టరూ బస్సూ ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కు తీసుకుంటారు. విమానానికి మామూలుగా ఆ వీలుండదు. రెండు ఎదురెదురుగా ఇరుక్కుంటే టగ్ వచ్చి లాగితే తప్ప కదలవు. పైగా పెద్ద విమానాల్లో పైలట్‌కు తన రెక్కల చివరలు కూర్చున్న చోటు నుంచి సరిగా కనబడవు. 2011 ఏప్రిల్‌లో న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో, దాదాపు 80 మీటర్ల రెక్కలున్న ఎయిర్‌బస్ ఎ380, గేటు కోసం ఆగి ఉన్న చిన్న విమానం తోకను తగిలి దాన్ని గిర్రున తిప్పేసింది. అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు. ఇరుకు చోట విమానం కదిలేటప్పుడు రెక్క చివర వెంట నడిచే వింగ్ వాకర్‌ను చిన్న పనివాడిగా చూడడం నాకు నచ్చదు. ఆ చోట పైలట్‌కు అతనే కళ్లు.

కుర్రవాడికి బోర్డులు కాగితం మీద గీసి చూపించాను. నల్లటి పలక మీద పసుపు అక్షరం మనం ఏ టాక్సీవే మీద ఉన్నామో చెబుతుంది, పసుపు మీద నలుపు ఎటు ఏముందో చెబుతుంది, ఎరుపు మీద తెల్ల అంకెలు కనబడితే ముందున్నది రన్‌వే. నేల మీద నాలుగు పసుపు గీతలుంటాయి, రెండు నిండువి, రెండు తెగినవి. నిండు గీతలు మన వైపు ఉంటే అనుమతి లేనిదే దాటకూడదు. అడ్డంగా వరుసగా ఎర్రదీపాలు వెలుగుతుంటే, కంట్రోలర్ వెళ్లమన్నా సరే, అవి ఆరేదాకా కదలకూడదు. "టవరే వెళ్లమంటే కూడానా?" అని అతడు ఆశ్చర్యపోయాడు. అవును, అప్పుడు కూడా. దీపం, మాట వేర్వేరుగా చెబుతున్నాయంటే ఎక్కడో పొరపాటు జరుగుతోందన్నమాట, ఆగి అడగాలి.

అడగడానికే మన పిల్లలు జంకుతారు. ఇంగ్లీషు సరిగా రాదని, సూపర్‌వైజరు విసుక్కుంటాడని, ఆలస్యం రాసి జీతం కోస్తారని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆగినందుకు మందలించిన సూపర్‌వైజరును నేనూ చూశాను, పన్నెండు గంటల డ్యూటీ చివర అలాంటి మందలింపు మనసులో ఎంత లోతుగా దిగుతుందో తెలుసు. అలా జరిగితే గొడవపడవద్దని, అదే రోజు సేఫ్టీ రిపోర్టులో సమయం, టాక్సీవే పేరు, విన్న ఆదేశం, ఆగిన కారణం రాసి ఇవ్వమని అతనికి చెప్పాను. తెలుగులో ఆలోచించుకుని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాసినా చాలు. ప్రయాణానికి ముందు నేర్చుకోవలసిన వాక్యాలు కొన్ని రాసి ఇచ్చాను. వాటిలో మొదటిది, ఆదేశాన్ని మళ్లీ చెప్పమని కంట్రోలర్‌ను అడిగేది.