చీపురుపల్లి నుంచి విజయనగరానికి కొత్త ధాన్యపు గంపతో

ఈ ఏడు సంక్రాంతి దాటి కళ్ళాలు ఖాళీ అయ్యాక, మా క్రైస్తవ సంఘం వాళ్ళం కొత్త ధాన్యపు గంప నెత్తిన పెట్టుకుని చీపురుపల్లి నుంచి విజయనగరం దాకా నడిచాం. గరివిడి, గుర్ల, నెల్లిమర్ల మీదుగా సుమారు 30 కిలోమీటర్లు, రెండు రోజులు. చివర కోత పండుగ ఆరాధన. ప్రథమఫలాలు గంపలో పెట్టి తెమ్మని బైబిల్లో ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం చెబుతుంది. లేవీయుడూ (సొంత భూమి వాటా లేని, గుడి సేవ చేసే గోత్రం వాడు) పరదేశీ నీతో కలిసి సంతోషించాలని చెప్పేదీ ఆ అధ్యాయమే. ఆ రెండో మాట కోసం గంప వెనకాల ట్రాక్టరు కట్టాం.

గంపలో రెండు కుంచాల ధాన్యం, పైన గుప్పెడు వెన్నులు. తువ్వాలు చుట్ట చుట్టి దాని మీద పెట్టుకోవాలి. అర కిలోమీటరుకి మనిషి మారిపోవాలి, మొక్కుబడి అని ఒక్కరే మోస్తే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కొత్త చెప్పులు వద్దు, పాతవే మేలు. తెల్లవారుజామున 4 గంటలకి బయల్దేరితే ఎండెక్కకముందే సగం దారి అయిపోతుంది. చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు కలిపి మధ్యమధ్య తాగాం.

ట్రాక్టరు మీద ఉన్నది ఇంటింటా బస్తాకి కుంచం చొప్పున తీసిన ధాన్యం. ఈ లెక్కకి కారణం ఉంది. కొడవలి కోతల నాడు పనలు మోస్తుంటే వెన్నులు రాలేవి, పరిగె ఏరుకున్న ముసలమ్మలకి కొన్నాళ్ళు గంజి దొరికేది. చేని ఓరలు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, పేదలకి వదలాలి అని రైతుకి చెబుతుంది లేవీయకాండం 19వ అధ్యాయం. బైబిల్లోని పేద విధవరాలు రూతు పొద్దుగూకేదాకా పరిగె ఏరి దుళ్ళగొడితే తూమెడు యవలు అయ్యాయి. ఇప్పుడు కోత మిషను దిగితే ఏరడానికి ఏమీ మిగలదు. మిషనుకి అందని మడి మూలలు కూడా మేమే కోసి తెచ్చేసుకునేవాళ్ళం. అది తప్పని మాకు ఆలస్యంగా తట్టింది. ఇప్పుడు ఆ మూలలు పరిగె వాళ్ళవి, మిషను మింగిన పరిగెకి బదులు బస్తాకి కుంచం.

గుర్ల దగ్గర రాత్రి ఆగినప్పుడు ఒక బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి చూస్తే లోపల వెచ్చగా తగిలింది. మిషను కోసిన ధాన్యం ఆరబెట్టకుండా కట్టేశారు. గింజ కొరికితే టక్కున విరగలేదు, మెత్తగా నలిగింది. అలాగే వదిలేస్తే బియ్యం పసుపెక్కి ముక్కిపోయిన వాసన వేస్తాయి. నిలవకి తేమ 14 శాతం దాటకూడదు. బయట మంచు పడుతోంది కాబట్టి ఒక వరండాలో టార్పాలిన్ మీద పల్చగా పరిచి, గంటకోసారి కాలితో తిరగేశాం. పొద్దున్నే ఎండలోకి లాగి, గట్టిపడ్డాకే కదిలాం. నడక నాలుగు గంటలు ఆలస్యమైంది. ఆ ఆలస్యం దండగ కాదు. మన ఇంట్లో వండుకోని గింజ దేవుని పేరుతో ఇంకొకరి పొయ్యి మీదకి ఎలా పంపుతాం?

ధాన్యంగా పంచితే ఒంటరి ముసలివాళ్ళకి మిల్లు దాకా మోత. అందుకే ఊళ్ళోకి రాగానే ఆడించేశాం. క్వింటాలుకి 60 నుంచి 65 కిలోల బియ్యం దిగాయి. కొత్త బియ్యం ముద్దవుతాయి, గ్లాసుకి గ్లాసున్నర నీళ్ళు చాలని తీసుకునేవాళ్ళకి చెప్పాలి. పండుగ భోజనానికి మాత్రం పాత బియ్యమే, మనిషికి 125 గ్రాములు, కందిపప్పు 40 గ్రాములు. 200 మందికి 25 కిలోలు, 8 కిలోలు సరిపోయాయి.

ఆరాధన తర్వాత వేలంపాట. గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు పాడాం, ఆగితే పాడయ్యేవి అవే. బియ్యం వేలంలో పెట్టలేదు. పెడితే డబ్బున్నవాళ్ళ ఇంటికే పోతాయి.

కుష్ఠు నయమైనా చేతుల్లో స్పర్శ తిరిగి రానివాళ్ళు కొందరు బియ్యం పంచే మా జాబితాలో ఉన్నారు. సన్నని తాడు వేలు కోసినా వాళ్ళకి తెలీదు. అందుకని 5 కిలోల గుడ్డ సంచులు కుట్టించి, నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ వేయించాం. ఎవరినీ వరసలో నిలబెట్టలేదు, ఫోటోలు తీయలేదు. దీపాలు పెట్టే వేళకి ఇద్దరిద్దరు ఆడవాళ్ళు సంచులు పట్టుకుని సందుల్లోకి వెళ్ళారు. మూడిళ్ళకి తాళాలున్నాయి. వాళ్ళ సంచుల మీద ఆడించిన తేదీ రాసి పక్కన పెట్టాం. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాలి.