ఆరెంజ్ క్యాప్ సిరంజి, నా ఎస్‌టీఎస్ ప్రాజెక్టు

మొన్న మా కాలేజీ జూనియర్ ఒకడు మెసేజ్ పెట్టాడు, "అక్కా, ఎస్‌టీఎస్ చెయ్యమంటావా, టైం వేస్టా?" అని. రిప్లై టైప్ చేస్తూ పోతే చాంతాడంత అయింది, సరే ఇక్కడే రాసేస్తే పోలే అనుకున్నా.

తెలీనివాళ్ళకి ఒక ముక్క. ఎస్‌టీఎస్ అంటే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) వాళ్ళు 1979లో మొదలుపెట్టారు. ఎంబీబీఎస్, బీడీఎస్ చదివేవాళ్ళు తమ కాలేజీలోనే ఒక ఫ్యాకల్టీని గైడ్‌గా పెట్టుకుని రెండు నెలల్లో ఒక చిన్న రీసెర్చ్ చెయ్యాలి. ప్రపోజల్‌లో మన పేరు గానీ గైడ్ పేరు గానీ కాలేజీ పేరు గానీ కనపడకూడదు. మా టైంలో స్టైపెండ్ నెలకి 10,000 లెక్కన మొత్తం 20,000, తర్వాత దాన్ని 50,000 చేశారు, అదీ రిపోర్ట్ ఓకే అయ్యాకే, అప్పటిదాకా జిరాక్సులు, ఆటోలు అన్నీ నాన్న డబ్బులే. పీజీ సీటు ఇచ్చే నీట్ పీజీ పరీక్షలో దీనికి ఒక్క మార్కు కూడా కలవదు. అందుకే హాస్టల్లో సగం మంది "నీకెందుకే ఈ గోల" అన్నారు, వాళ్ళది తప్పని కూడా అనను.

నేను సెకండియర్‌లో, 2018లో చేశా. టాపిక్ ఇన్సులిన్ వేసుకునే పద్ధతి. షుగర్ పేషెంట్లు ఇంజెక్షన్ ఎక్కడ వేసుకుంటున్నారు, సూది ఎన్నిసార్లు వాడుతున్నారు, వయల్ (మందు సీసా) ఎక్కడ దాస్తున్నారు, ఇంతే. శాంపుల్ సైజు, అంటే ఎంతమందిని అడగాలో తెలీక ఎస్పీఎం (కమ్యూనిటీ మెడిసిన్) డిపార్ట్‌మెంట్‌లో ఒక సార్ దగ్గరికి వెళ్తే ఆయన పాత ఓపీ చీటీ వెనకాల 4పీక్యూ బై డీ స్క్వేర్ అని రాసి, పీ అంటే ఎంత శాతం మంది అలా చేస్తారో, అది తెలీకపోతే 50 అనుకో, క్యూ మిగతా 50, డీ అంటే ఎంత తేడా ఒప్పుకుంటామో, అది 10 పెట్టుకో, ఎంతొచ్చింది అన్నారు. వంద. ఇంతోటి దానికి నేను మూడ్రోజులు భయపడ్డానా అనిపించింది.

అసలు కష్టం కన్సెంట్ ఫారంతో, అదే పేషెంట్ ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే కాయితంతో వచ్చింది. దాన్ని నేనే తెలుగులోకి మార్చా, "స్వచ్ఛంద భాగస్వామ్యం", "గోప్యతకు భంగం వాటిల్లదు", చూసుకుని తెగ మురిసిపోయా కూడా. రీసెర్చ్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీలో డాక్టర్ కాని మామూలు మనిషి ఒకరు ఉండాలి, మా దాంట్లో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉండేవారు. ఆయన కళ్ళజోడు పైకి తోసి "ఇది మీ అమ్మమ్మకి చదివి వినిపించావా తల్లీ?" అన్నారు. ఆ రాత్రి ఫోన్లో చదివితే మా అమ్మమ్మ సగంలోనే ఆపి "ఎవరు పంపారే ఈ నోటీసు, బ్యాంకు వాళ్ళా?" అంది. మళ్ళీ రాశా. "మీకు ఇష్టమైతేనే చెప్పండి, చెప్పకపోయినా మీ మందులు ఆగవు." రెండు లైన్లు.

ఇంకో సంగతి చెప్పకుండా దాటేస్తే అబద్ధం అవుతుంది. నెల గడిచేసరికి నా దగ్గర పేషెంట్ల జవాబులతో నింపిన ఫారాలు నలభయ్యే ఉన్నాయి, ఇంటర్నల్స్ నెత్తిమీదున్నాయి, ఒక సీనియర్ అక్క చాలా మామూలుగా "మిగతావి రూంలో కూర్చుని నింపెయ్యవే, అందరూ చేసేదే" అంది. నాలుగు నింపా. ఒకే చేతిరాత తెలిసిపోద్దని పెన్ను కూడా మార్చా, సిగ్గు లేకుండా. పొద్దున లేచి చించేశా, నీతి కోసం అని చెప్పను, ఆ నలుగురూ అన్ని ప్రశ్నలకీ మరీ పద్ధతిగా జవాబులు చెప్పేశారు, అది చూసే నాకే నవ్వొచ్చింది. నిజం పేషెంట్లు అలా చెప్పరుగా. "వయల్ ఎక్కడ పెడతారు" అని అడిగి ఫ్రిజ్, బయట అని రెండే గడులు ఇచ్చా నేను. ఒకావిడేమో "కుండలో పెడతానమ్మా, ఇసకలో దింపి తడిగుడ్డ చుట్టి" అంది. ఫ్రిజ్ లేని ఇంట్లో అంతకంటే తెలివైన పని ఏముంది, నీళ్ళు ఆవిరవుతుంటే కుండ చల్లబడుద్ది, కానీ నా ప్రొఫార్మాలో, అదే ప్రశ్నల ఫారంలో, కుండకి గడి లేదు.

నలభై రెండో పేషెంట్ ఒక పెద్దాయన. పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చి ఓపీ బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఫాస్టింగ్ షుగర్ 300 దాటింది, డోస్ పెంచుతూనే ఉన్నారు, దిగట్లేదు. రోజూ వేసుకుంటున్నారా అంటే ఆయనకి కోపం వచ్చింది, "ఒక్క పూట తప్పలేదు డాక్టరమ్మా" అంటూ ప్లాస్టిక్ కవర్ విప్పి చూపించాడు. ఆస్పత్రిలో ఇచ్చిన వయల్, మిల్లీలీటర్‌కి 40 యూనిట్లుండేది. పక్కన సిరంజి, ఆరెంజ్ క్యాప్. 40 వయల్‌కి ఎర్ర క్యాప్ ఉండాలి, ఆరెంజ్ మిల్లీలీటర్‌కి 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కి. మెడికల్ షాపులో ఏది ఉంటే అది ఇచ్చారంట. "ఇరవై గీత దాకా లాగమన్నారు, లాగుతున్నా, గీత ఇరవయ్యే కదమ్మా?" గీత ఇరవయ్యే. కానీ ఆ సిరంజిలో ఇరవై గీతంటే 0.2 మిల్లీలీటర్లు, 40 వయల్‌లోంచి అంత లాగితే లోపలికి పోయేది 8 యూనిట్లే. ఎన్ని నెలల నుంచో అలా సగం కూడా ఎక్కట్లేదు పాపం.

పరిగెత్తుకుంటూ మా గైడ్ మేడం దగ్గరికి వెళ్ళా, ఏదో కనిపెట్టేసినట్టు. ఆవిడ సిరంజి మార్పించి, డోస్ మళ్ళీ సరిచూసి, ఆయన్ని పంపించాక నావైపు తిరిగి "ఇంతకుముందు ఎంతమందిని చూశావు?" అన్నారు. నలభై ఒకటి మేడం. "వాళ్ళ క్యాపులు ఏ రంగు?"

నేను చూడలేదు. అడగలేదు. సూది ఎన్నిసార్లు వాడతారో అడిగానే గానీ ఏ సిరంజో అడగలేదు. ఫోన్ చేద్దామంటే గోప్యత పేరుతో నంబర్లు తీసుకోనేలేదు. తర్వాతి నెల ఇన్సులిన్‌కి వచ్చేవాళ్ళని ఫార్మసీ క్యూలో కాపు కాసి పట్టుకుని చూస్తే ఇంకో ఇద్దరివి ఆరెంజే. మిగతావాళ్ళలో కొందరు మళ్ళీ కనపడనేలేదు. అప్రూవ్ అయిన ప్రోటోకాల్‌ని మళ్ళీ కమిటీ అనుమతి లేకుండా మధ్యలో మార్చడానికి లేదు, కాబట్టి నా రీసెర్చ్‌లో అన్నిటికంటే పనికొచ్చే సంగతి రిజల్ట్స్‌లో లేదు. లోపాలు ఒప్పుకునే లిమిటేషన్స్‌లో ఉంది, ఒక్క వాక్యం, "వాడిన సిరంజి రకం నమోదు చేయలేదు" అని.

ఆ వాక్యం రాయడానికి నామోషీగా ఉందని మేడంతో అంటే ఆవిడ లాంగర్‌హాన్స్ కథ చెప్పారు. 1869లో బెర్లిన్‌లో, 21 ఏళ్ళ మెడికల్ స్టూడెంట్, తన థీసిస్ కోసం పాంక్రియాస్ (క్లోమం) చూస్తూ అక్కడక్కడ గుంపులుగా ఉన్న కణాలు గమనించాడు, వీటి పనేంటో నాకు తెలీదని రాసి వదిలేశాడు. ఇన్సులిన్ తయారయ్యేది అక్కడేనని తేలడానికి దశాబ్దాలు పట్టింది. నన్ను ఆయనతో పోల్చారని కాదులెండి, ఆవిడకి నన్ను ఊరుకోబెట్టి ఇంటికి పంపడం ముఖ్యం, అప్పటికే సాయంత్రం ఆరైంది.

ఇదంతా ఆ జూనియర్‌కి పంపితే "సరే అక్కా, గైడ్‌ని ఎలా అడగాలి?" అన్నాడు. ఓపీ అయిపోయాక వెళ్ళు, ఒక పేజీ రాసుకుని వెళ్ళు, చివరి రోజు దాకా ఆగకు. ప్రొఫార్మాలో ప్రతి ప్రశ్న కింద "ఇతరములు" అని ఒక గడి పెట్టుకో, కొంచెం పెద్దదే పెట్టు.