ఆర్బిట్రేషన్ గదిలో ప్రశ్న, అమీర్‌పేటలో జవాబు: స్టార్టప్ స్క్రిప్ట్ రెండో డ్రాఫ్ట్

అమీర్‌పేట హాస్టళ్లకు భోజనం చేరవేసే యాప్, డబ్బు పెట్టినవాడొకడు, అతని స్నేహితుడొకడు, ఇద్దరి మధ్య వాటాల గొడవ. కథ పూర్తిగా కల్పితం. రెండో డ్రాఫ్ట్ ఇంటర్వెల్ దాకా వచ్చింది. దీనికి నమూనా ఫేస్‌బుక్ పుట్టుక మీద 2010లో వచ్చిన సినిమా 'ది సోషల్ నెట్‌వర్క్', రచయిత ఆరన్ సోర్కిన్‌కు ఆస్కార్ తెచ్చిన స్క్రిప్ట్.

అందరూ అందులో మాటల వేగాన్నే మెచ్చుకుంటారు. అంతకంటే ముందు చూడాల్సింది కథ కట్టిన తీరు. కోడ్ రాసే మనిషిని ఎంతసేపు చూపించినా తెర మీద ఏమీ జరగదు. ఫేస్‌బుక్ 2004లో మొదలై పెద్దదైందని ప్రేక్షకుడికి ముందే తెలుసు. అందుకే సోర్కిన్ రెండు దావాల వాంగ్మూలాల మధ్య కథ నడిపాడు. లాయరు ప్రశ్న అడుగుతాడు, కథ గతంలోకి వెళ్తుంది. ఏం జరిగిందన్నది పక్కకుపోయి, ఎవరి మాట నమ్మాలన్నది ముందుకొస్తుంది.

హైదరాబాద్‌కు తెచ్చేసరికి చిక్కంతా చట్టంతోనే. అమెరికాలోలాగా విచారణకు ముందే లాయర్ల ఆఫీసులో ప్రమాణం చేయించి ప్రశ్నలడిగే పద్ధతి మన సివిల్ దావాల్లో లేదు. కంపెనీ లా ట్రిబ్యునల్లో ఎక్కువగా అఫిడవిట్ల మీదే పని నడుస్తుంది, ఎదురెదురు సీను దొరకదు. ఆర్బిట్రేషన్ గది, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందు వాదించుకునే చోటు అయితే సరిపోతుంది. సాక్షి చెప్పాల్సింది ముందే అఫిడవిట్‌గా ఇచ్చేస్తాడు కాబట్టి సీను నేరుగా క్రాస్ ఎగ్జామినేషన్‌తో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలతో మొదలుపెట్టొచ్చు. కాకపోతే ఫౌండర్ల ఒప్పందంలో గొడవొస్తే ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలన్న క్లాజు ఉందని మొదటి పది నిమిషాల్లోనే చూపించాలి.

వాటా పోవడం చూపించడానికి చిన్న లెక్క చాలు. మొత్తం 10,000 షేర్లు, చెరో 5,000. కొత్తగా 90,000 షేర్లు వేరేవాళ్లకు ఇస్తే డబ్బు పెట్టినవాడి దగ్గర ఒక్క షేరూ తగ్గదు, వాటా మాత్రం 50 శాతం నుంచి 5 శాతానికి పడిపోతుంది. అయితే దీనికి ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే పడిన ఓట్లలో నాలుగింట మూడొంతులు. సగం ఓట్లున్నవాడు అడ్డం తిరిగితే నెగ్గదు. కాబట్టి అతని చేతే సంతకం పెట్టించాలి. మధ్యాహ్నం హాస్టల్ మెట్ల మీద, సాంబారు క్యారియర్ మూత మీద కాగితాలు పెట్టుకుని చదవకుండా సంతకం చేస్తాడు. అంచున పసుపు వేలిముద్ర పడుతుంది. ఆర్బిట్రేషన్ గదిలో లాయరు ముందుకు జరిపేది ఆ కాగితాన్నే. ఫ్లాష్‌బ్యాక్‌కు అంతకంటే వివరణ అక్కర్లేదు.

డైలాగు దగ్గర ఎక్కువ పని పడుతోంది. ఆ సినిమా మొదటి సీన్లో ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని వేర్వేరు సంగతులు మాట్లాడుకుంటారు. జవాబు ఒక మాట ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు.

"రేపటికి 120 భోజనాలు."
"నాన్న మళ్లీ ఫోన్ చేశాడు."
"ఎస్సార్ నగర్ వాళ్లు పెరుగు చాల్లేదంటున్నారు."
"ఇల్లు తాకట్టు పెట్టాడ్రా."
"120కి పెరుగెంత పడుతుంది?"

డబ్బు ఎక్కడిదో తెలిసింది, రెండోవాడు వినడం లేదనీ తెలిసింది. "నువ్వు నా మాట వినవు" అని ఎవరితోనైనా అనిపిస్తే సీను అక్కడే చప్పబడిపోతుంది.

స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అనే లెక్కను ఇలాంటి కథలో నమ్మకూడదు. సోర్కిన్ రాసినవి 160 పేజీలు దాటాయి, సినిమా మాత్రం 2 గంటలే. పైగా తెలుగు ఫాంటులో గుణింతాలు, ఒత్తుల వల్ల వరుసల మధ్య జాగా పెరిగి పేజీలు ఉబ్బుతాయి. ఇద్దరు కూర్చుని, ఒకరి మాట మీద ఒకరు పడుతూ, స్టాప్‌వాచ్‌తో పైకి చదివితేనే అసలు నిడివి తెలుస్తుంది. ఇంటర్వెల్ తర్వాతి క్రాస్ సీన్లు రాశాక చేయాల్సిన పని అదే.